ఉప్పు చూడని వంట

23 అక్టోబర్ 2025, గురువారం

కొత్త నోటుబుక్కు. ఓడలో వంటగది పుస్తకం రాసిన అలవాటు చేతిని వదలడం లేదు. అక్కడ ఈ రోజు ఏం వండాను, ఎవరు వదిలేశారు, ఎవరికి కడుపునొప్పి అని రాసేవాణ్ణి. ఇక్కడ ఎవరికీ కడుపునొప్పి రాదు, ఎందుకంటే వంట నాది కాదు. పద్దెనిమిదేళ్లు గ్రీకు కంపెనీ సరుకు ఓడల్లో పంతొమ్మిది మందికి మూడు పూటలా వండిపెట్టిన మనిషిని, ఎమ్మిగనూరులో నా సొంత ఇంట్లో నాకు టీ పెట్టుకునే భాగ్యం కూడా లేదు. వచ్చి పది నెలలైంది. నా భార్య శశికళ నన్ను వంటగది గడప దగ్గరే ఆపేస్తుంది.

"నీ చేతికి ఏమేమో వాసనలుండాయప్పా. పోయి మగ్గం కాడ కూచో పో."

మగ్గం దగ్గర కూర్చుంటే పోగులు తెంపుతానంటుంది. అదీ నిజమే. నేత రాకనే కదా నేను ఊరు విడిచింది.

నిన్నటి నుంచి కార్తీకం. ఇంట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ బంద్. ఉల్లి, వెల్లుల్లి వాసన కూడా రాకూడదట. నాకేమీ కష్టం లేదు. బాగానే ఉన్నాను.

27 అక్టోబర్, సోమవారం

ఇంటి పట్టున నాకిది పద్దెనిమిదేళ్ల తర్వాత మొదటి కార్తీక సోమవారం. శశికళ ఉపవాసం. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా మగ్గం నేసింది. సాయంత్రం చుక్క చూసి తినాలట. ఇద్దరం మిద్దె ఎక్కాం. ఎక్కడో తుఫానట, ఆకాశమంతా మబ్బు. ఎనిమిదింటి దాకా తల పైకెత్తుకుని నిలబడింది. ఒక్క చుక్క లేదు.

"మబ్బు వెనకాల ఉండనే ఉంటుంది కదా, తినేయ్" అన్నాను.

"ఉంటాదప్పా. నాకు కనపడల్యా కదా."

కిందికి వచ్చి తులసి నీళ్లు తాగి పడుకుంది. వంటింట్లో చిన్న గిన్నెలో తనకోసం తాను నానబెట్టుకున్న సగ్గుబియ్యం అట్లే ఉంది. నేను మధ్యాహ్నం మూడు జొన్నరొట్టెలు తిన్నాను. నాలుగింటికి బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఎన్నో రాయను.

28 అక్టోబర్

వాన. సగ్గుబియ్యం పులిసిపోతే పారబోసింది.

29 అక్టోబర్, బుధవారం

పక్క వీధిలో ఉండే మా అంజనమ్మక్క వత్తులు చేసుకుంటూ వచ్చి కూర్చుంది. శశికళ నీళ్లకు పోయినప్పుడు అడిగాను, ఈమె ఈ ఉపవాసాలు ఎప్పటి నుంచి పట్టిందని. అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"నీకు తెలీదా? నీ ఓడ జాడ లేకుండా పోయిన ఏడు మొక్కుకున్న్యాది. నువ్వు పానంతో తిరిగొస్తే పన్నెండేండ్లు కార్తీక సోమవారాలు ఉంటానని. ఈ ఏడుతో తీరిపోతాది."

ఆ నలభై రోజులు. ఓడ యజమానికీ రేవు వాళ్లకూ ఏదో తగాదా వచ్చి మమ్మల్ని ఒడ్డుకు దూరంగా ఆపేశారు. తర్వాత ఫోను దొరికినప్పుడు "సిగ్నల్ లేదు, అంతే, బాగుండా" అన్నాను. ఆ సంగతి ఇక్కడ రాయను.

"మరి ఈ పదకొండేళ్లు చుక్క చూసినాక ఈమెకు ఎవరు వండిపెట్టినారు?"

"ఎవురు పెడతారురా. దినమంతా ఎండి, మల్ల ఆమెదే ఆమె చేసుకుంటాది."

శశికళ బిందె దించగానే చెప్పేశాను. ఆఖరి సోమవారం, నవంబర్ పదిహేడు, వంట నాది అని. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చేతులు తుడుచుకుంది.

"మడి కట్టుకోని చేస్తావా?"

"చేస్తా."

"దేవునికి పెట్టాల్సింది. ఉప్పు చూడకూడదు. చూస్తే ఎంగిలి."

"ఇన్నేండ్లు వండినోణ్ణి, నాకు ఉప్పు చూసే పని ఏముండాది?"

గొప్పలు కాదు. నిజమే కదా.

30 అక్టోబర్

ఏం వండాలో రాత్రే తేలిపోయింది. యెమిస్తా. గ్రీకు వాళ్ల ఉపవాసపు కూర.

మా కెప్టెన్ స్తావ్రోస్‌కు వాళ్ల పెద్ద పండుగకు ముందు నలభై రోజులు మాంసం, వెన్న, జున్ను, గుడ్డు ఏవీ ఉండవు. కొన్ని రోజులు నూనె కూడా లేదు. ఆ రోజుల్లో టమోటాలకు, క్యాప్సికంకు పైన మూత కోసి, లోపల తొలిచి, బియ్యం, ఉల్లి, పుదీన కూరి, మళ్లీ మూత పెట్టి ఓవెన్‌లో నెమ్మదిగా ఉడికించేవాణ్ణి. మామూలు రోజుల్లో ఖీమా కూడా పడుతుంది. ఖీమా లేని వాటిని వాళ్లు అనాథలంటారు. "ఉరుకుందూ, ఈ రోజు అనాథలేనా?" అని నన్ను పేరు పెట్టి పిలిచి, వాసన పట్టుకుని వచ్చి అడిగేవాడు. వాళ్లమ్మ చేసినట్టే ఉందని ఒకసారి నా భుజం తట్టాడు. ఓడ మొత్తంలో ఆయన భుజం తట్టింది నన్నొక్కణ్ణే.

వాళ్ల ఉపవాసం నుంచి మన ఉపవాసానికి మార్చుకోవాలి. అంతే కదా పని.

31 అక్టోబర్

అంతే కాదు.

అక్కను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పుకుంటూ పోయాను. ఎర్రగడ్డ లేదంది. ఆ కూరకు ప్రాణమే అది. తెల్లగడ్డ సరేసరి. వరిబియ్యం ఉపవాసానికి పనికిరాదు. మామూలు ఉప్పు పనికిరాదు, సైంధవ లవణమే వేయాలి. మైదా రొట్టెపొడి పేరెత్తగానే చెవులు మూసుకుంది. బేకరీ ఓవెన్ అడిగి తెచ్చుకుందామంటే అందులో ఎగ్ పఫ్‌లు చేస్తారు.

"ఆ దేశపోళ్లు ఉపవాసమంటే ఇంగేం తింటారు?"

"రక్తం లేని సముద్రపు జీవాలు తినొచ్చక్కా. ఎనిమిది కాళ్లది ఒకటుంటాది."

అక్క వత్తుల పళ్లెం ఎత్తుకుని ఇంటికి పోయింది. మళ్లీ బతిమాలి పిలుచుకొచ్చాను.

చివరికి మిగిలినవి ఇవి. బియ్యానికి బదులు కొర్రలు. వాళ్లు వేసే ఏవో ఖరీదైన గింజలకు బదులు మన బుడ్డలు, అదే వేరుశనగలు, వేయించి, పొట్టు తీసి, బరకగా దంచినవి. ఆలివ్ నూనెకు బదులు గానుగ శనగనూనె. ఎండుద్రాక్ష, పుదీన, నిమ్మరసం ఎట్లున్నవి అట్లే. ఓవెన్‌కు బదులు మట్టి దాక, దాని మూత మీద నిప్పులు.

మా అమ్మాయి యామిని కడప నుంచి ఫోన్ చేసింది. నర్సింగ్ చదివే పిల్ల, తండ్రికి నెట్‌లో చూసి చేయమని సలహా. నెట్‌లో వాళ్లు నా దగ్గర నేర్చుకోవాలి అన్నాను. పక్కనుంచి శశికళ నవ్వు వినిపించింది.

1 నవంబర్, శనివారం

మొదటిసారి చేసి చూశాను. కొర్రలు రాళ్లు, టమోటాలు గుజ్జు. దాక అడుగు మాడింది. శశికళ ఒక గింజ కొరికి, దాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ వెలుతురులో చూసింది.

"నీ ఓడోళ్లకు పండ్లు గట్టివప్పా."

నాకు కోపం వచ్చింది. సాయంత్రం దాకా మాట్లాడలేదు. తను గమనించినట్టు లేదు.

3 నవంబర్, సోమవారం

రెండో సోమవారం. ఆకాశం కడిగినట్టుంది. ఆరు దాటగానే చుక్క పొడిచింది. ముందు నేనే చూశాను. చెయ్యి పట్టుకుని చూపించాను. చుక్క కనపడినాక కూడా కొంతసేపు పట్టుకునే ఉన్నాను. తను కిందికి పోయి సగ్గుబియ్యం ఉప్మా చేసుకుంది. పొగ కళ్లకు కొట్టి తుడుచుకుంటోంది. నేను గడప బయట నిలబడ్డాను.

6 నవంబర్

కూరగాయల మహబూబ్‌బీ మంచి మాట చెప్పింది. టమోటా పండింది కాదు, దోరది తీసుకోవాలట. కొర్రలు రెండు గంటలు నాననిచ్చి, తొలిచిన టమోటా గుజ్జులోనే సగం ఉడికించి అప్పుడు కూరాలట. ఓడ వంటవాడికి కూరగాయలమ్మే ఆమె చెప్పడమేమిటని కొంచెం గుచ్చుకుంది. కానీ సరైన మాటే.

ఉప్పు సంగతి కూడా ఆమెతో అన్నాను. చూడకుండా వండాలట మా ఇంట్లో అని.

"మా రంజాన్ రోజాల్లో ఆడోళ్లు నాలిక్కి తగిలిచ్చి ఊసేస్తారన్నా. మింగకుంటే అల్లా మాఫ్ చేస్తాడు. మీ దేవుడు శానా సఖత్ ఉన్నాడే."

మా దేవుడు కఠినమో కాదో సరే, మా అక్క సంగతి నీకు తెలియదు అన్నాను.

8 నవంబర్

రెండోసారి. కుదిరింది. కొర్రలు మల్లెమొగ్గల్లా విచ్చుకున్నాయి. ఉపవాసం రోజు కాదు కాబట్టి నాలుగుసార్లు రుచి చూశాను. సైంధవ లవణం మామూలు ఉప్పు కాదు, చేతికి దాని అందాజు దొరకడం లేదు. ఆరు కాయల కూరుడుకు ఒకటిన్నర చెంచా. రాసిపెట్టుకున్నాను. ఇక చూసే పని లేదు.

శశికళ ఒకటి తింది. రెండోది తీసుకుంది.

10 నవంబర్, సోమవారం

మూడో సోమవారం. ఈ రోజు నేనూ ఉపవాసం ఉన్నాను.

మధ్యాహ్నం దాకా.

పదకొండు దాకా.

14 నవంబర్

రాత్రి భోజనాల దగ్గర శశికళ ఉన్నట్టుండి అడిగింది. "ఆ నలభై దినాలు ఏం తింటాంటిరి మీరు?"

"ఉన్యాయి లే, ఏవో. బాగానే ఉంటిమి."

"నువ్వెప్పుడూ బాగానే ఉంటివి" అని పళ్లెం తీసుకుని లేచింది.

కోపంగా అనలేదు. నేనే రెండుసార్లు గుర్తుచేసుకుని చూశాను, కోపం లేదు. కానీ నిద్ర పట్టలేదు.

17 నవంబర్, సోమవారం, సాయంత్రం నాలుగున్నర

మధ్యాహ్నం తలస్నానం చేసి, తడిపంచె కట్టుకుని పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించాను. అక్క పీట వేసుకుని కాపలా కూర్చుంది. గరిటె ఎడమ చేతిలోకి మార్చుకున్నా తప్పే. చెమట తుడుచుకున్నా తప్పే. మళ్లీ చేతులు కడుగు, మళ్లీ కడుగు. ఇంత తనిఖీ మా ఓడకు ఏ రేవులోనూ జరగలేదు.

ఆరు కాయలు అనుకున్నాను. అక్క తానూ తింటానంది. మహబూబ్‌బీకి రెండు పంపాలని శశికళ అంది. పది చేశాను. కొర్రలు ఎక్కువ పడ్డాయి, గుజ్జు ఎక్కువ పడింది. ఒకటిన్నర చెంచా కొలత పోయింది. రెండున్నర వేశాను. చాలదేమో అనిపించింది. ఎక్కువైందేమో అనిపించింది. మూడున్నరకు అక్క వత్తులు మరిచిపోయానని ఇంటికి పోయింది. కూరుడు కలిపాను. ఇక టమోటాల్లోకి ఎత్తడమే.

చూపుడువేలు కొసకు రెండు గింజలు అంటుకున్నాయి. అది నోట్లోకి పోయింది.

నేను పెట్టలేదు. పద్దెనిమిదేళ్ల అలవాటు, అదే పోయింది. నాలుకకు తగిలింది, అంతే. వెంటనే ఊసేశాను.

ఊసేయలేదు. మింగాను.

మింగాక కూడా ఉప్పు సరిపోయిందో లేదో తెలియలేదు.

ఎవరూ చూడలేదు. పెరట్లో నేనొక్కణ్ణే. మగ్గం చప్పుడు ఆగకుండా వినపడుతూనే ఉంది. ఆగిందా? లేదు, వినపడుతూనే ఉంది. కొత్తగా చేద్దామంటే కొర్రలు నానడానికే రెండు గంటలు కావాలి. కూరాను. దాకలో పేర్చాను. మూత మీద నిప్పులు పోశాను. అక్క తిరిగి వచ్చి "బాగా చేస్తాండావురా" అని మొదటిసారి మెచ్చుకుంది.

పన్నెండేళ్ల మొక్కు. ఈ రాత్రితో తీరాలి. నా కోసం కట్టిన మొక్కు. దానికి నా ఎంగిలి పెట్టి తీర్చబోతున్నాను. చెప్తే ఆమె ఈ రాత్రి పస్తు. చెప్పకపోతే హాయిగా కడుపునిండా తింటుంది, ఎవరికీ నష్టం లేదు. మహబూబ్‌బీ అల్లా మాఫ్ చేస్తాడు. మింగకుంటే.

చెప్పను. ఎందుకు చెప్పాలి. అంతా బాగానే ఉంది.

వాసన బ్రహ్మాండంగా వస్తోంది.

18 నవంబర్, మంగళవారం

నిన్న రాయలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరు గంటల ఐదు నిమిషాలకు చుక్క వచ్చింది. కిందికి వచ్చాం. శశికళ దేవుడి ముందు దీపం పెట్టి, ఆకు పరిచింది. దాక దించాను. మూత తీశాను. టమోటాలు ఒకటీ పగలలేదు, క్యాప్సికంలు అంచుల దగ్గర కొంచెం కమిలాయి, నూనె పైకి తేలింది. నా జీవితంలో ఇంత అందంగా కుదిరిన దాక ఇంకోటి లేదు. అక్క కూడా నోరు తెరిచి చూసింది. శశికళ రెండు కాయలు తీసి దేవుడి ఆకులో పెట్టడానికి గరిటె అందుకుంది.

"పెట్టొద్దు" అన్నాను. "నేను ఉప్పు చూసినా."

అక్క పీట మీద నుంచి లేచింది. ఏమేమి అందో అన్నీ రాయలేను. పన్నెండేళ్ల పుణ్యం బూడిదలో పోశానంది. ఓడలో తిన్న ఎనిమిది కాళ్ల జంతువు దాకా పోయింది. శశికళ మాత్రం గరిటె దాకలోనే పెట్టి నన్నే చూస్తోంది.

"నేను చూసినాలే" అంది. "మగ్గం కాడి కిటికీలోంచి."

"చెప్తావా చెప్పవా అని చూస్తాండా. చెప్పవనుకుంటి. ఇంగేమన్నా ఉండాదా చెప్పేది?"

ఉంది. పదకొండేళ్లుగా ఉంది. అక్క ఎదుటే చెప్పేశాను. ఓడ ఆపేసిన చివరి తొమ్మిది రోజులు ఒంటిపూట గంజి. పంతొమ్మిది మందికి ఒక డేగిసా. వడ్డించేది నేనే. వడ్డించే ముందు రుచి చూసేవాణ్ణి. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఉప్పు లేని గంజికి ఉప్పు చూడడమేముంది. ఆకలికి తాగాను. గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లు నా గరిటె వైపే చూసేవాళ్లు. కెప్టెన్ చూశాడు. ఒక్క మాట అనలేదు. ఓడ కదిలినాక కూడా అనలేదు. ఆ తర్వాత ఆయన నా భుజం తట్టలేదు.

చెప్పడం అయ్యాక నేల మీద కూర్చున్నాను. ఏడ్చాను. యాభై రెండేళ్లవాణ్ణి, తడిపంచెతో, ఇద్దరు ఆడవాళ్ల ముందు.

అక్క నిలబడ్డ చోటే కూర్చుంది. ఇక తిట్టలేదు.

"ఆకలైతే తినరా ఎవురైనా" అంది శశికళ. "ఇది ఆ పొద్దే చెప్పింటే ఏం పోయె? బాగుండా, బాగుండా అని ఫోన్లో. నాకు నమ్మకం కుదరక కదా దేవుని కాళ్లు పట్టుకునింది."

లేచి లోపలికి పోయి టెంకాయ, రెండు అరటిపండ్లు తెచ్చింది. కొట్టి, దేవుడి ఆకులో అవి పెట్టింది. హారతి ఇచ్చింది. కళ్లకద్దుకుంది. తర్వాత తన ఆకు తెచ్చి నా ముందు పరిచి కూర్చుంది.

"దేవునిది దేవునికి అయిపాయె. నాకిది పెట్టు."

"ఎంగిలి కదమ్మా అది" అంది అక్క, గొంతు చాలా తగ్గించి.

"పెండ్లినాడు ఈయప్ప ఆకులోనే తింటి గదా వదినా. నువ్వు మా అన్న ఆకులో తినల్యా?"

అక్కకు పోయిన బావ గుర్తొచ్చాడేమో, కొంగుతో ముక్కు తుడుచుకుని తన ఆకు కూడా ముందుకు జరిపింది.

వడ్డించాను. పన్నెండేళ్లలో మొదటిసారి చుక్క చూసినాక శశికళకు ఒకరు వడ్డించారు. కొర్రలు కొన్ని ఆకు బయట పడ్డాయి. తను టమోటా మూత తీసి పక్కన పెట్టి, లోపలి కూరుడు ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. నేను, అక్క ఇద్దరం ఆమె నోరే చూస్తున్నాం.

"ఉప్పు తక్కువ" అంది.

మూడు తింది.

20 నవంబర్

అమావాస్య. కార్తీకం అయిపోయింది. మహబూబ్‌బీ డబ్బా తిరిగి ఇచ్చింది. ఉప్పు తక్కువ అని ఆమె కూడా అంది. ఊరంతా ఇదే మాట.

24 నవంబర్, సోమవారం

ఈ రోజు ఉపవాసం లేదు. పొద్దున్నే శశికళ సంచి నిండా దోర టమోటాలు తెచ్చి వంటగదిలో పోసి, నన్ను పిలిచింది. గడప దాటాను. ఎర్రగడ్డలు తరగమంది. చిన్నగా తరిగితే, ఇంకా చిన్నగా అంది. కొర్రలు తానే కలిపింది. ఉప్పు వేసి, గరిటె కొసన కొంచెం కూరుడు తీసి నా నోటి దగ్గర పట్టింది.

"చూసి చెప్పు. బాగుండాది అనొద్దు."

చూశాను. పుదీన ఎక్కువైందని చెప్పాను.